చెట్టులో మందు ఉంది, కషాయంలో కాదు

రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీకి మన ఇళ్ళలో ముందుగా అందేది డాక్టరు చీటీ కాదు. పసుపు పొడి అందుతుంది. లక్ష్మణ ఫలం ఆకుల కషాయం అందుతుంది. ఎవరో బంధువు ఫోనుకు పంపిన వీడియో అందుతుంది. కొన్నిచోట్ల ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా కూడా అందుతుంది. ఇవన్నీ అయ్యాక, గడ్డ పెరిగాక, చర్మం మీదికి పుండు తేలాక ఆసుపత్రి మాట వస్తుంది. ఈ వరస మారాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది అదే.

ఆకులూ వేర్లూ పనికిరావని చెప్పడానికి మేము ఇది రాయడం లేదు. రొమ్ము క్యాన్సర్‌కు నేడు ప్రపంచమంతటా వాడుతున్న ముఖ్యమైన మందుల్లో కొన్ని చెట్ల నుంచే వచ్చాయి. "చెట్టులో మందు ఉంది" అన్నది నిజం. "కాబట్టి ఆకు మరిగించి తాగితే చాలు" అన్నది నిజం కాదు. ఈ రెండు మాటల మధ్య దూరం ఎంతో మనకు ఎవరూ చెప్పలేదు. ఆ దూరం మీద వ్యాపారం చేసేవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. నష్టపోతున్నది మన అక్కచెల్లెళ్ళు.

సాంచాల వాడలో లెక్క

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఉన్న భివండి గురించి తెలంగాణ నేత కుటుంబాలకు వేరే చెప్పనక్కర లేదు. దేశంలో మరమగ్గాలు అత్యధికంగా ఉన్న పట్టణాల్లో అదొకటి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరాలుగా అక్కడికి వలస వెళ్ళాయి. పద్మనగర్‌లో తెలుగు వినిపిస్తుంది, బతుకమ్మ కనిపిస్తుంది. మగవాళ్ళు సాంచాల మీద పన్నెండు గంటల పాళీలు చేస్తారు. ఆడవాళ్ళు కండెలు చుడతారు, బీడీలు చేస్తారు, ఇంటి చాకిరీ మొత్తం చేస్తారు. నేసిన మీటర్లను బట్టి పగారు. సాంచా ఆగితే ఆ పూట కూలి లేదు.

అటువంటి ఇంట్లో నలభై అయిదేళ్ళ స్త్రీకి గడ్డ తగిలిందనుకుందాం. రొమ్ము క్యాన్సర్ గడ్డకు మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు. "నొస్తలేదు గదా, పాల గడ్డ అయ్యుంటది తియ్యి" అంటుంది వదిన. నెలలు గడుస్తాయి. చివరికి ఎవరో పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి వెళ్ళమంటారు. బస్సులో ఠాణేకో కల్యాణ్‌కో చేరి, అక్కడ లోకల్ రైలెక్కి, దిగి మళ్ళీ నడవాలి. ఒక్కరోజుతో పని తీరదు. పేరు రాయించుకోవడానికి ఒక రోజు, మామోగ్రామ్‌కు ఒక రోజు, గడ్డలోంచి ముక్క తీయడానికి ఒక రోజు, రిపోర్టుకు ఇంకో రోజు. ఆ రోజులన్నిటికీ ఆమె కూలీ పోతుంది, తోడు వచ్చిన భర్త కూలీ పోతుంది. ఫారాల మీద మరాఠీ, హిందీ, ఇంగ్లీషు. పరాయి మగవాడి ముందు రొమ్ము చూపించాలన్న సిగ్గు. "సూది పెడితే అది ఒళ్ళంతా పాకుతుందట" అన్న భయం.

మరోవైపు పొడి పొట్లం ఉంది. అది వాడకే వస్తుంది, తెలుగులోనే వస్తుంది, కొద్ది డబ్బుకే వస్తుంది. అమ్మేవాడు గౌరవంగా "అక్కా" అని పిలుస్తాడు. కూలి పోదు, సిగ్గు లేదు, సూది లేదు. ఇటువంటప్పుడు ఆమె పొట్లం వైపు మొగ్గితే దాన్ని అజ్ఞానం అనడం తేలిక. ఆమె లెక్క వేసుకుంది. ఆ లెక్కలో ఒక్క అంకె మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు: ఆలస్యం ఖరీదు. ఆ సంగతికి ముందు, చెట్టు నుంచి మందు అసలు ఎలా వస్తుందో చూద్దాం.

నందుర్‌బార్ వాసి, యూ చెట్టు బెరడు

రొమ్ము క్యాన్సర్ రోగులకు సెలైన్ ద్వారా ఎక్కించే మందుల్లో ప్యాక్లిటాక్సెల్ ఒకటి. దాని కథ 1962లో మొదలైంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వేలకొద్దీ మొక్కలను పరీక్షిస్తున్న రోజులవి. ఆర్థర్ బార్‌క్లే అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు సేకరించాడు. ఉత్తర కరొలైనాలోని ఒక పరిశోధన సంస్థలో మన్రో వాల్, మన్సుఖ్ వానీ ఆ బెరడులోంచి అసలు పదార్థాన్ని విడదీశారు. ఈ మన్సుఖ్ వానీ మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టి, బొంబాయి విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. 1971లో ఆ పదార్థం నిర్మాణాన్ని ప్రకటించారు. అది కణంలో ఎలా పనిచేస్తుందో 1979లో న్యూయార్క్‌లో సూసన్ హోర్విట్జ్ బృందం కనిపెట్టింది. అండాశయ క్యాన్సర్‌కు 1992లో, రొమ్ము క్యాన్సర్‌కు 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది. బెరడు కోసిన రోజు నుంచి రొమ్ము క్యాన్సర్ రోగి చేతికి మందు అందేదాకా ముప్పై రెండేళ్ళు పట్టింది.

ఆ మందు పని నేత కుటుంబాలకు సులువుగానే అర్థమవుతుంది. కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపల సన్నని దారాల వంటి గొట్టాలు ఏర్పడతాయి, పని అయ్యాక విడిపోతాయి. ప్యాక్లిటాక్సెల్ వాటిని విడిపోనివ్వదు. పడుగు బిగుసుకుపోతే సాంచా ఎలా ఆగుతుందో, క్యాన్సర్ కణం అలా విభజన మధ్యలో ఆగి చస్తుంది. జుట్టు కుదుళ్ళలో, ఎముక మజ్జలో వేగంగా పెరిగే మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది. జుట్టు రాలడం, రక్తకణాలు తగ్గడం అందుకే.

మరి యూ బెరడు మరిగించి తాగితే? ఒకటి, ఆ పదార్థం నీటిలో దాదాపు కరగదు. రక్తంలోకి ఎక్కించడానికి ఆముదం నుంచి తయారైన ఒక ద్రావకంలో దాన్ని కలపవలసి వచ్చింది. ఆ ద్రావకం వల్ల తీవ్రమైన అలర్జీ రావచ్చు కనుక ముందుగా వేరే మందులు ఇస్తారు. రెండు, బెరడులో అది ఉండేది అతి స్వల్పం. ఒక కిలో మందు కావాలంటే వేల చెట్లు నరకాల్సి వచ్చేది. ఆ తర్వాత యూరప్ యూ చెట్టు ఆకుల్లోని దగ్గరి పదార్థం నుంచి దీన్ని తయారుచేయడం నేర్చుకున్నారు గనుక అడవి కొంత బతికింది. మన హిమాలయాల్లోని యూ చెట్టు కూడా ఈ గిరాకీ వల్ల దెబ్బతిని, 1995లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి ఎక్కింది. మూడు, యూ ఆకుల్లో గుండెను ఆపగల విషం ఉంది. అదే చెట్టు, శుద్ధి చేసి కొలిచి ఇస్తే మందు, నమిలితే ప్రాణాంతకం.

మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు కథా ఇటువంటిదే. చక్కెర జబ్బుకు పనికొస్తుందేమోనని 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాన్ని పరీక్షించారు. చక్కెర సంగతి తేలలేదు కానీ తెల్ల రక్తకణాలు పడిపోవడం గమనించారు. అలా విన్‌బ్లాస్టిన్ దొరికింది. దాని దగ్గరి మందు వినోరెల్బిన్‌ను ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో నేటికీ వాడతారు. ఒక గ్రాము సహజ పదార్థం కోసం వందల కిలోల ఎండాకు కావాలి. పెరట్లోని నాలుగు ఆకులు నూరి మింగితే మందు మోతాదూ అందదు, విషమూ తప్పదు.

పసుపు మాట

పసుపును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. నిజామాబాద్ పసుపు పండించే రైతులు మనవాళ్ళే. గాయాలు మాన్పే గుణం మీద అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం 1995లో పేటెంటు తీసుకుంటే, ఇది మా అమ్మమ్మలకు తెలిసిన సంగతేనని మన సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. అది న్యాయమైన గెలుపు.

క్యాన్సర్ సంగతి వేరు. పసుపులోని కర్క్యుమిన్ గాజు పళ్ళెంలో పెంచిన రొమ్ము క్యాన్సర్ కణాలను చంపుతుంది. దీని మీద వేల పరిశోధన పత్రాలు వచ్చాయి. వీడియోలు చూపించేది వాటినే. కానీ పళ్ళెంలో కణం మీద నేరుగా పోయడం వేరు, నోటితో మింగినది పేగు దాటి, కాలేయం దాటి, గడ్డ దాకా చేరడం వేరు. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళ దరిదాపు. దాన్ని విడదీసి రోజుకు ఎనిమిది గ్రాములు మింగించినా రక్తంలో కనిపించేది బహు కొద్ది. 2017లో ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు అప్పటిదాకా జరిగిన పనినంతా సమీక్షించి, మనుషుల మీద గట్టి పద్ధతిలో జరిపిన పరీక్షల్లో కర్క్యుమిన్ ఏ జబ్బుకూ మందుగా నిలబడలేదని తేల్చారు.

కూరలో పసుపు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. మోతాదు పెంచి, మిరియాల సారం కలిపి అమ్మే మాత్రలు మాత్రం కొందరిలో కాలేయాన్ని దెబ్బతీశాయి. ఇంకో సంగతి, ప్యాక్లిటాక్సెల్ వంటి మందులను విరిచి బయటికి పంపేది కాలేయమే. ఆ పనిచేసే ఎంజైములను కొన్ని మూలికలు అడ్డుకుంటాయి, కొన్ని రెచ్చగొడతాయి. అప్పుడు మందు ఒంట్లో ఎక్కువవుతుంది, లేదా తక్కువవుతుంది. కీమో నడుస్తుండగా ఏ పొడి వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి. చెప్పేలా డాక్టరూ అడగాలి, కసురుకోకూడదు.

లక్ష్మణ ఫలం ఆకుల గురించీ ఇదే చెప్పాలి. పళ్ళెంలో కణాలు చచ్చాయి, రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలలో నయం చేసినట్టు రుజువు లేదు. పైగా కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఆ పండు, ఆ ఆకుల కషాయం ఎక్కువగా వాడేవారిలో పార్కిన్సన్ వంటి నరాల జబ్బు కనిపించిందని 1999లో వైద్యులు రాశారు. ఆప్రికాట్ గింజల నుంచి తీసిన లేట్రైల్‌ను ఒకప్పుడు అమెరికాలో అద్భుత ఔషధమని అమ్మారు. 178 మంది రోగుల మీద పరీక్షించి 1982లో ఫలితం ప్రకటించారు. గడ్డలు కరగలేదు. కొందరి రక్తంలో సయనైడ్ ప్రమాదకర స్థాయికి చేరింది.

వంద రూపాయల మాత్ర

ఇటువంటి తొందర బజారు వాళ్ళకే పరిమితం కాదు. 2024 ఫిబ్రవరిలో టాటా మెమోరియల్ శాస్త్రజ్ఞులు ద్రాక్ష వంటి పండ్లలో ఉండే రెస్వెరాట్రాల్, రాగి కలిపిన మాత్ర గురించి మాట్లాడారు. చనిపోతున్న క్యాన్సర్ కణాలు విడిచే క్రోమాటిన్ తునకలను అది నాశనం చేస్తుందని, జబ్బు తిరగబెట్టకుండా కాపాడవచ్చని, ధర వంద రూపాయల దరిదాపు ఉంటుందని చెప్పారు. టీవీలు "వంద రూపాయల క్యాన్సర్ మాత్ర" అని మోతెక్కించాయి. ప్రధాన ఆధారం ఎలుకల మీద చేసిన పని. మనుషులతో చేసినవి కొద్దిమందితో చేసిన చిన్న అధ్యయనాలు. పెద్ద పరీక్షలు జరగకుండా ఇలా ప్రకటించడం తగదని ఇతర క్యాన్సర్ వైద్యులు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు.

ఆ ఆలోచన రేపు నిజమని తేలవచ్చు. చవక మందు కోసం మన దేశపు ప్రభుత్వ ఆసుపత్రిలో పరిశోధన జరగడం మంచిదే. అయితే ఎంత పెద్ద పేరున్నవాళ్ళు చెప్పినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎంతమంది మనుషుల మీద, దేనితో పోల్చి, ఎన్నేళ్ళు చూశారు? మన యువత ఫోనులో వచ్చిన ప్రతి వార్తకూ ఈ ప్రశ్న వేయడం నేర్చుకుంటే సగం మోసం అక్కడే ఆగిపోతుంది.

ఆలస్యం ఖరీదు

ఇక ఆమెకు ఎవరూ చెప్పని అంకె. మన దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలతో 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, జబ్బు రొమ్ము వరకే ఉన్నప్పుడు గుర్తించిన స్త్రీలలో నూటికి 81 మంది అయిదేళ్ళ తర్వాతా బతికి ఉన్నారు. చంకలోకి, చుట్టుపక్కలకు పాకాక గుర్తిస్తే ఆ సంఖ్య దాదాపు 65. దూరపు అవయవాలకు పాకాక వస్తే 18 మాత్రమే. 81కీ 18కీ మధ్య ఉన్నది చాలామందికి పొడులతో గడిచిన ఆ నెలలే.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వైద్యులు 2018లో ఇంకో పోలిక ప్రచురించారు. నయం చేయదగిన దశలో ఉండి కూడా వైద్యం మానేసి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్నవారిని, మామూలు చికిత్స తీసుకున్నవారితో పోల్చారు. రొమ్ము క్యాన్సర్‌లో మరణించే ప్రమాదం అయిదు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. అక్కడివాళ్ళు చదువుకున్నవాళ్ళే, డబ్బున్నవాళ్ళే. చదువు, డబ్బు ఈ పొరపాటును ఆపలేదు.

మన దేశంలో 2022లో దాదాపు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా ఈ జబ్బు వచ్చిందని, 98,000 మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

విశ్వాసం పేరుతో వచ్చే మాటలు

మన సంఘాల్లో రెండు మాటలు వింటున్నాం. ఒకటి, "దేవుడు చెట్లలో స్వస్థత పెట్టాడు, మనుషుల మందులెందుకు?" రెండోది, "ఆసుపత్రికి వెళ్ళడం అవిశ్వాసం." రెండూ లేఖనానికి నిలబడవు. హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో ఉన్నప్పుడు ప్రార్థన చేశాడు, జవాబు వచ్చింది, ఆ జవాబులోనే యెషయా ప్రవక్త అంజూరపు పళ్ళ ముద్ద పుండు మీద వేయమన్నాడు. ప్రార్థన, వైద్యం ఒకే అధ్యాయంలో ఉన్నాయి. రక్తస్రావంతో పన్నెండేళ్ళు బాధపడిన స్త్రీ గురించి మార్కు సువార్త ఆమె తన ఆస్తంతా వైద్యుల దగ్గర పోగొట్టుకుందని కూడా రాసింది. వైద్యం పేరుతో పేద స్త్రీ దోపిడీకి గురవుతుందని సువార్తకు తెలుసు. దోచుకునేవాడు తెల్ల కోటు వేసుకున్నా, నూనె సీసా పట్టుకున్నా మనం అదే కళ్ళతో చూడాలి.

మన మిషన్ల చరిత్రా ఇదే నేర్పుతుంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు కుష్ఠు రోగుల ఆసుపత్రి స్థాపించారు. ఆ రోజుల్లో కుష్ఠుకు ఉన్న ఆశ హిడ్నోకార్పస్ గింజల నూనె, అంటే చెట్టు మందే. ఆ నూనెను తాగితే వాంతులు, చిక్కగా ఉండి ఇంజెక్షన్‌కు లొంగేది కాదు. దాదాపు అదే కాలంలో హవాయిలో ఆలిస్ బాల్ అనే ఇరవై మూడేళ్ళ నల్లజాతి యువతి దాన్ని ఒంట్లో కలిసే రూపంలోకి మార్చింది. ఆమె 1916లోనే చనిపోతే ఆ పేరు ఆమె పై అధికారి కొట్టేశాడు, గుర్తింపు దశాబ్దాల తర్వాత వచ్చింది. 1940లలో డాప్సోన్ వచ్చాక నూనె వెనకబడింది. మెరుగైన మందు కనిపించగానే కుష్ఠు ఆసుపత్రులు పాతదాన్ని వదిలేశాయి. నూనె మీద కాక రోగి మీద ప్రేమ ఉంటే జరిగేది అదే.

"మా అత్తమ్మకు కషాయంతోనే తగ్గింది" అనే సాక్ష్యాలూ వింటాం. ఆమె అబద్ధమాడుతోందని మేము అనం. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానే కావు. కొన్ని వాటంతటవే తగ్గుతాయి. పరీక్ష చేయించని గడ్డ తగ్గితే క్యాన్సర్ తగ్గిందని చెప్పలేం. మరికొందరు ఆపరేషన్, కీమో చేయించుకుని కషాయమూ తాగుతారు, పేరు కషాయానికి వస్తుంది. కషాయం తాగి చనిపోయినవారు సాక్ష్యం చెప్పడానికి లేరు.

న్యాయం ఎక్కడ తప్పుతోంది

"ఆసుపత్రులు దోచుకుంటున్నాయి" అన్న మాటలో నిజం ఉంది. ప్యాక్లిటాక్సెల్‌నే చూడండి. బెరడు సేకరణ నుంచి తొలి పరీక్షల దాకా ఎక్కువ ఖర్చు అమెరికా ప్రజల పన్నుల డబ్బుదే. అమ్ముకునే హక్కు మాత్రం ఒక్క కంపెనీకి వెళ్ళింది, ధర మీద అక్కడి చట్టసభలోనే రగడ జరిగింది. మన దేశంలో జెనరిక్ కంపెనీలు తయారుచేయడం వల్ల అందుబాటులోకి వచ్చింది. ప్యాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ మన అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్నాయి. 2019లో కేంద్రం మరో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపార లాభాన్ని 30 శాతానికి కట్టడి చేసింది. ఇవి పోరాడితే వచ్చాయి, ఇంకా పోరాడాలి. దోపిడీకి జవాబు వైద్యాన్ని వదిలేయడం కాదు, వైద్యాన్ని హక్కుగా అడగడం. పొడి అమ్మేవాడు మందుల కంపెనీని ఎదిరించడం లేదు. అదే పేదరాలి దగ్గర తన వాటా తీసుకుంటున్నాడు.

ముంబై బస్తీల్లోనే ఒక దారి కనిపించింది. టాటా మెమోరియల్ 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో 35 నుంచి 64 ఏళ్ళ 1,51,538 మంది స్త్రీలు పాల్గొన్నారు. సగం బస్తీల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. ఖరీదైన యంత్రం లేదు. ఇరవై ఏళ్ళ ఫలితాలు 2021లో వచ్చాయి. జబ్బు తొలి దశలోనే బయటపడింది. యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో మరణాల తగ్గుదల స్పష్టంగా కనిపించలేదు, అదీ చెప్పాలి. వాడలో ఒక స్త్రీ మరో స్త్రీని చేతితో పరీక్షించే పద్ధతి ఇన్ని ప్రాణాలు కాపాడితే, ఇది భివండిలో ఎందుకు ప్రతి గల్లీలో లేదు? సిరిసిల్లలో, షోలాపూర్‌లో, సూరత్‌లో ఎందుకు లేదు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామన్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

వలస ఇంకో ముడి. రేషన్ కార్డు ఊళ్ళో అత్తమామల పేరున ఉంటుంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ భివండిలో ఉన్నవారికి అందదు. మహారాష్ట్ర ప్రభుత్వపు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన అక్కడి రేషన్ కార్డో నివాస రుజువో అడుగుతుంది. అద్దె ఖోలీల్లో కాలం గడిపిన కుటుంబాలకు ఆ రుజువే కష్టం. ఆయుష్మాన్ భారత్ అర్హత ఉంటే వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది, కానీ ఆ సంగతి చాలామందికి తెలియదు. బట్ట రాష్ట్రాలు దాటి పోతుంది, దాన్ని నేసిన చేతుల ఆరోగ్య కార్డు మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది.

మనం చేయగలిగినవి

భివండి వంటి చోట్ల మన ప్రార్థన కూటాలు చిన్నవే కావచ్చు. పని చిన్నదేమీ కాదు, అది మన విశ్వాసులకే పరిమితమూ కాదు.

స్త్రీల సమాజాలు ఏడాదికి రెండుసార్లయినా ఒక మహిళా డాక్టరునో నర్సునో పిలిచి, గుర్తులు చెప్పించాలి: నొప్పి లేని గడ్డ, చంకలో గడ్డ, చర్మం నారింజ తొక్కలా మారడం లేదా లోపలికి గుంజుకోవడం, చనుమొన లోపలికి పోవడం, దాన్నుంచి రక్తం రావడం. గడ్డ కనిపిస్తే నెల దాటకుండా చూపించాలన్న ఒక్క నియమం పెట్టుకుందాం. సూది పరీక్ష వల్ల క్యాన్సర్ పాకుతుందన్న భయానికి ఆధారం లేదని ధైర్యంగా చెబుదాం. ఈ మాటలు మగవాళ్ళ కూటాల్లోనూ చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా అని తేల్చేది వాళ్ళే.

యువతీ యువకులారా, మీకు మరాఠీ వచ్చు, హిందీ వచ్చు, ఫోను వాడడం వచ్చు. ఒక్కొక్కరు ఒక్కో కుటుంబానికి తోడుగా పరేల్ దాకా వెళ్ళండి. వరసలో నిలబడండి, ఫారం నింపండి, ఆసుపత్రిలోని వైద్య సామాజిక కార్యకర్తల విభాగాన్ని కలిసి సాయం అడగండి. కార్డుల కాగితాలు గడ్డ తగిలాక కాదు, ఇప్పుడే సరిచేయించండి. ఫోనులో వచ్చిన మూలికా వీడియోను పంపే ముందు, పైన చెప్పిన ప్రశ్న వేయండి.

సంఘాల చందాల్లోంచి ఒక చిన్న నిధి కూలి పోయిన రోజులకు పక్కన పెట్టవచ్చు. నాలుగు రోజుల పగారు అందితే ఒక స్త్రీ పరీక్ష చేయించుకుంటుంది. కాపరులకు మా మనవి: రోగి కోసం చేతులుంచి ప్రార్థించండి, ఆ ప్రార్థనలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళమని కూడా చెప్పండి. మందులు మానమని చెప్పేవారికి, స్వస్థత నూనెలు, పొడులు అమ్మేవారికి వేదిక ఇవ్వకండి.

అన్నిటికీ మించి, అడగాల్సినవారిని అడుగుదాం. సాంచాల వాడల్లో స్త్రీల పరీక్షా శిబిరాలు, తెలుగు తెలిసిన ఆరోగ్య కార్యకర్తలు, రాష్ట్రం మారినా చెల్లే ఆరోగ్య కార్డు, జబ్బు రోజులకు కూలి. ఇవేవీ దానాలు కావు. నేసిన ప్రతి మీటరు మీదా ఈ దేశం సంపాదించుకుంది, అందులో వీళ్ళ వాటా ఇది.

బెరడులోంచి మందు తీయడానికి శాస్త్రజ్ఞులకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ మందు భివండి గల్లీలోని స్త్రీకి వేళకు అందించే పని ఇంకా మిగిలి ఉంది, అది మన అందరిదీ.